సుస్తీ అనే మాటకు రెండు అర్థాలు

మన వార్షిక సంచికలో సగం పుటలు కుడి నుండి ఎడమకు, సగం పుటలు ఎడమ నుండి కుడికి నడుస్తాయి. రెండు భాషలు ఇలా ఒకే అట్ట మధ్య కాపురం చేసేటప్పుడు కొన్ని మాటలు వేషం మార్చకుండానే అర్థం మార్చుకుంటాయి. "సుస్తీ" అటువంటి మాట. ఫారసీ నుండి ఉర్దూలోనికి వచ్చిన ఈ పదానికి అక్కడ బద్ధకమని, మందకొడితనమని అర్థం. అదే మాట తెలుగు గడప దాటగానే అనారోగ్యమైంది. "అబ్బాయికి సుస్తీ చేసింది" అంటే తెలుగువాడు వైద్యుని కోసం వెదుకుతాడు. అదే మాటను ఉర్దూ ఇంటిలో అంటే కర్ర కోసం వెదుకుతారు. ఇంటిలో ఉర్దూ, తరగతిలో తెలుగు మాట్లాడే నాకు ఈ భేదం చిన్ననాటి నుండి తెలిసినదే. అయినా రెండేళ్ల క్రితం ఒకనాడు దానిని తప్పుగా వాడాను. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

డిగ్రీ రెండవ సంవత్సరం తరగతి. భోజన విరామం తరువాతి పీరియడు. మూడవ బల్ల చివర కూర్చున్న ఒక విద్యార్థిని వరుసగా నాలుగైదు రోజులు నిద్రపోతూ కనిపించింది. మొదటి సంవత్సరంలో చురుకుగా ఉన్న పిల్ల. లేపి, అందరి ముందు, "ఇంత సుస్తీ అయితే చదువెందుకమ్మా?" అన్నాను. తరగతి నవ్వింది. ఆమె నవ్వలేదు, బదులు చెప్పలేదు. గొంతు బొంగురుగా "సారీ సార్" అని కూర్చున్నది. ఆ బొంగురు గొంతును కూడ నేను నిర్లక్ష్యానికి గుర్తుగానే లెక్క వేసుకున్నాను. ఆ తరువాత ఆమె రావడం తగ్గించింది, క్రమంగా మానివేసింది.

హాజరు పట్టీలు పంపవలసిన వారంలో వాళ్ల అమ్మగారు వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో మడతలు పడిన రక్తపరీక్ష కాగితం. "బచ్చీ భోత్ సుస్త్ హోగయీ సాబ్" అన్నారు. తల్లి నోట కూడ అదే మాట. ఎనిమిది నెలలుగా బరువు పెరగడం, జుట్టు ఊడడం, ఎండలో కూడ చలి అనడం, నెలసరి క్రమం తప్పడం, మలబద్ధకం, ముఖం ఉబ్బడం. ఇన్ని జరుగుతుంటే ఇంటిలో మేము, కళాశాలలో మీరు, కలిసి ఆ పిల్లను తిడుతూ వచ్చామని ఆమె అనలేదు. అనకపోవడమే నాకు బాధ కలిగించింది.

ఆమె కాగితం నా చేతికిచ్చి, "ఇందులో ఏమున్నది సాబ్?" అని అడిగారు. టిఎస్‌హెచ్ 100 కంటె ఎక్కువ. ఫ్రీ టి4 0.3, దాని ప్రక్కన 0.8 నుండి 1.8 వరకు అని ముద్రించి ఉన్నది. యాంటీ టిపిఓ 600 పైన. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నవాణ్ణి, పదకొండేళ్లుగా పద్యాలకు ప్రతిపదార్థం చెబుతున్నవాణ్ణి. ఆ మూడు పంక్తులకు అర్థం చెప్పలేకపోయాను. పైగా 100 అనే అంకె చూసి, "థైరాయిడ్ చాలా ఎక్కువగా పనిచేస్తున్నట్లున్నది" అన్నాను. సత్యం దానికి సరిగా విరుద్ధం. ప్రభుత్వాసుపత్రిలో వైద్యులను కలిసి, కొంత చదివి నేర్చుకున్న సంగతులను ఇక్కడ చెబుతున్నాను. నేను వైద్యుణ్ణి కాను. కాగితం చదవడం వేరు, మందు వ్రాయడం వేరు. ఆ రెండవది వైద్యుని పని.

థైరాయిడును మన పాఠ్యపుస్తకాలు అవటు గ్రంథి అంటాయి. మెడ ముందు భాగంలో, స్వరపేటికకు కొంచెం క్రిందుగా, రెక్కలు చాచిన సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. పెద్దవారిలో బరువు సుమారు 15 నుండి 20 గ్రాములు. రక్తంలోని అయొడిన్‌ను పట్టుకొని థైరాక్సిన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. అందులో నాలుగు అయొడిన్ పరమాణువులుంటాయి కనుక టి4 అని పేరు. ఒక పరమాణువు తొలగితే టి3. గ్రంథి నుండి వెలువడేది ఎక్కువగా టి4. దేహంలో పనిచేసే టి3లో ఐదింట నాలుగు వంతులు గ్రంథి బయట, కాలేయం, మూత్రపిండాలు మొదలైన అవయవాలలో టి4 నుండి తయారవుతుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, దేహం ఎంత వేడిగా ఉండాలి, తిన్న ఆహారం ఎంత త్వరగా ఖర్చు కావాలి అన్నవాటిని నడిపేవి ఈ రెండే.

మరి టిఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ గ్రంథి చేసే పదార్థమే కాదు. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి, థైరాయిడుకు పంపే ఆజ్ఞ అది. తరగతి శ్రద్ధగా వింటున్నప్పుడు ఉపాధ్యాయుని గొంతు మామూలుగా ఉంటుంది; పిల్లలు వినకపోయేకొద్దీ గొంతు పెరుగుతుంది. టిఎస్‌హెచ్ ఆ గొంతు. గ్రంథి మందగిస్తే అది పెరుగుతుంది, గ్రంథి మితిమీరితే తగ్గిపోతుంది. అందుచేత అంకె పెద్దదైతే పని తక్కువ, అంకె చిన్నదైతే పని ఎక్కువ. నేను ఆ తల్లికి చెప్పినది తలక్రిందులుగా చెప్పాను. "నాకు థైరాయిడ్ ఎక్కువ ఉన్నది" అని మన ఇళ్లలో అనేవారిలో చాలామందికి నిజానికి ఉన్నది తక్కువ.

ఇంకొక విశేషం. టి4 సగానికి పడిపోతే టిఎస్‌హెచ్ రెట్టింపు కాదు, నూరు రెట్ల వరకు పెరగవచ్చు. అంటే ఆ గొంతు మహా సున్నితమైనది. టి4 ఇంకా హద్దులలో ఉన్నట్లు కాగితం చెబుతున్నప్పుడే టిఎస్‌హెచ్ పైకి లేస్తుంది. కాబట్టే వైద్యులు మొదట అడిగేది దానినే. మందగించిన గ్రంథి విషయంలో టి3 పరీక్ష వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. జబ్బు బాగా ముదిరేవరకు టి3 మామూలుగానే కనిపిస్తుంది. అయినా మన ఊరి లేబొరేటరీలన్నీ మూడింటినీ ఒక మూటగా కట్టి అమ్ముతున్నాయి.

మూడవ పంక్తిలోని యాంటీ టిపిఓ కథ పెద్దది. అది కాస్త నిదానంగా చెప్పవలసినది.

1912లో జపానులోని క్యూషూ విశ్వవిద్యాలయ వైద్యశాలలో, ముప్పై ఏళ్లు దాటిన హకారు హషిమోతో అనే శస్త్రవైద్యుడు నలుగురు నడివయసు స్త్రీల మెడవాపులను పరిశీలించి ఒక సంగతి గమనించాడు. ఆ వాపు గ్రంథి నిండా లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు చేరి గూళ్లు కట్టుకొని ఉన్నాయి. అవి శత్రువు మీదకు పోవలసిన సేనలు. శత్రువు కనిపించడు, సేనలు మాత్రం సొంత ఊరిలో గుడారాలు వేశాయి. దానిని జర్మన్ భాషలో వ్యాసంగా ప్రచురించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయన తన స్వస్థలానికి పోయి ఊరి వైద్యునిగా బ్రతికి, 1934లో 52వ ఏట టైఫాయిడ్‌తో మరణించాడు. ఈనాడు ప్రపంచమంతటా లక్షల కాగితాల మీద తన పేరు వ్రాయబడుతుందని ఆయనకు తెలియదు.

ఆ గుడారాల రహస్యం 1956లో బయటపడింది. లండనులో రోయిట్, డెబోరా డోనియాక్ మొదలైనవారు, హషిమోతో వ్యాధి ఉన్నవారి రక్తంలో వారి థైరాయిడుకే వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు ఉన్నాయని నిరూపించారు. అదే సంవత్సరం అమెరికాలో రోజ్, విటెబ్‌స్కీ అనేవారు కుందేళ్లలో ఇదే సంగతిని చూపారు. దేహం తన మీద తానే యుద్ధానికి దిగదని అంతవరకు శాస్త్రజ్ఞుల విశ్వాసం. ఆ విశ్వాసం అప్పుడు కూలింది. ఇటువంటి జబ్బులను స్వయంప్రతిరక్షక వ్యాధులంటున్నారు. టిపిఓ అంటే టి4 తయారీలో గ్రంథి వాడుకునే ఒక ఎంజైము. దానికి వ్యతిరేకంగా పుట్టిన ప్రతిరక్షకమే యాంటీ టిపిఓ. హషిమోతో వ్యాధి ఉన్నవారిలో నూటికి తొంబై మందికి పైగా ఇది కనిపిస్తుంది.

1956 అంటే మనకు ఆంధ్రప్రదేశ్ అవతరణ గుర్తుకు వస్తుంది. కాని ఆ సంవత్సరమే మన తెలుగువాడు, శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, హిమాలయాల క్రింద కాంగ్రా లోయలో మరొక పని మొదలుపెట్టారు. అక్కడ అయొడిన్ కొరతచేత ఊళ్లకు ఊళ్లు గళగండంతో బాధపడుతుండేవి. లోయను మూడు మండలాలుగా విభజించి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చి కొన్నేళ్లు పరిశీలించారు. అయొడిన్ ఉప్పు తిన్నచోట గళగండం తగ్గింది. 1962లో మొదలైన జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమానికి ఆ పని పునాది. ఇప్పుడు మన ఇంటి ఉప్పు పొట్లం మీద చిరునవ్వుతో ఉన్న సూర్యుని గుర్తు వెనుక ఉన్న చరిత్ర ఇది.

ఈ రెండు కథలను నేను కావాలనే ప్రక్కప్రక్కన పెట్టాను. మన ఇళ్లలో థైరాయిడ్ అనగానే "ఉప్పు మార్చు, అయొడిన్ చుక్కలు వేసుకో" అనే సలహాలు వస్తాయి. కొరతవల్ల వచ్చిన జబ్బును ఉప్పు తీర్చింది. సొంత సేనలు చేసిన దాడిని ఉప్పు తీర్చదు. అవసరానికి మించిన అయొడిన్ ఆ దాడిని పెంచగలదు కూడ. అయొడిన్ ఉప్పు మానకూడదు, మామూలు కంటె ఎక్కువ తినకూడదు. అంతే.

తెలుగు పరీక్షాపత్రంలో "సందర్భ సహిత వ్యాఖ్యలు" అనే ప్రశ్న ఉంటుంది. కవి పరిచయం, సందర్భం, అర్థం, విశేషం అని నాలుగు భాగాలుగా వ్రాయాలి. అర్థం ఒక్కటే వ్రాసి సందర్భం వదిలిపెట్టినవాడికి నేను సగం మార్కులు కూడ వేయను. రక్తపరీక్ష కాగితం కూడ సందర్భం లేకుండా చదవరానిదే. ఎవరి రక్తం, ఏ వేళ తీసినది, ఆమె గర్భవతా, అప్పటికి జ్వరంతో ఉన్నదా, ఏ మాత్రలు మింగుతున్నది? టిఎస్‌హెచ్ రాత్రివేళ పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది. పెద్ద జబ్బుతో ఆసుపత్రిలో పడి ఉన్నవారికి థైరాయిడులో ఏ దోషం లేకపోయినా టి3 పడిపోతుంది. గర్భం తొలి నెలలలో టిఎస్‌హెచ్ సహజంగానే కొంత తగ్గుతుంది. ఇక జుట్టు ఊడుతున్నదని మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే బయోటిన్ మాత్రలు. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని పరీక్షా యంత్రాలను మోసం చేసి, టిఎస్‌హెచ్‌ను తక్కువగా, టి4ను ఎక్కువగా చూపిస్తుంది. జుట్టు ఊడడం థైరాయిడ్ మందగించినప్పటి లక్షణం. దానికోసం మింగిన మాత్ర ఆ జబ్బునే కాగితం మీద దాచివేయవచ్చు! పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దానిని ఆపాలి, వైద్యునికి చెప్పాలి.

ఆ విద్యార్థిని కాగితానికి సందర్భం స్పష్టం. లక్షణాలున్నాయి, టిఎస్‌హెచ్ నూరు దాటింది, టి4 పడిపోయింది, ప్రతిరక్షకాలు కారణం చెబుతున్నాయి. సందేహానికి తావు లేదు. వైద్యులు ఆనాడే మాత్ర వ్రాశారు. ఈ జబ్బు కుటుంబాలలో నడుస్తుంది, స్త్రీలలో పురుషుల కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. అందుచేత తల్లికి కూడ పరీక్ష చేశారు. ఆమె టిఎస్‌హెచ్ 6.8 వచ్చింది. హద్దు 4 చిల్లర. టి4 మామూలుగా ఉన్నది, బాధలేవీ లేవు. ఆమె భయపడి, "నాకు కూడ జీవితాంతం మాత్రేనా?" అని ఏడ్చారు. వైద్యులు మాత్ర ఇవ్వలేదు. మూడు నెలల తరువాత మళ్లీ రమ్మన్నారు. మళ్లీ చేస్తే 3.9. ఏ మందూ లేదు, ఏ పథ్యమూ లేదు. ఒకే ఇంటిలో రెండు కాగితాలు. ఒకదానికి తక్షణ చికిత్స, రెండవదానికి ఓపిక.

ఇక్కడ నా అభిప్రాయం ఆరంభమవుతుంది. మన విద్యార్థి సంక్షేమ ఉపసంఘం ముందు ఒక ప్రతిపాదన ఉన్నది. ఒక ప్రయివేటు లేబొరేటరీవారు తక్కువ ధరకు విద్యార్థినులందరికీ థైరాయిడ్ పరీక్షలు చేసిపెడతామని, కాగితాలు ఎవరివి వారికి ఫోనులో పంపుతామని వ్రాశారు. ఉపసంఘంలోని పెద్దలు, సహోద్యోగులు దీనిని సద్బుద్ధితోనే బలపరిచారు. మొన్నటి సమావేశంలో దానిని వ్యతిరేకించినవాణ్ణి నేనొక్కణ్ణే. "ఆ అమ్మాయి సంగతి తెలిసి కూడ మీరే వద్దంటారా?" అని ఒకరు ఆశ్చర్యపడ్డారు. ఆ అమ్మాయి సంగతి తెలుసు గనుకనే వద్దంటున్నాను.

కాగితంలో ప్రక్కన ముద్రించే హద్దులు ఎలా వస్తాయి? ఆరోగ్యవంతులను చాలామందిని పరీక్షించి, మధ్యనున్న 95 శాతం మంది అంకెలను మామూలు అంటారు. మిగిలిన 5 శాతం మంది ఆరోగ్యవంతులే, అయినా హద్దు బయట పడతారు. వేయిమంది ఆరోగ్యవంతులైన పిల్లలకు ఒక్క పరీక్ష చేస్తే సుమారు యాభైమంది కాగితం మీద తప్పు అంకె లావు అక్షరాలలో వస్తుంది. మూడు పరీక్షలు చేస్తే ఇంకా ఎక్కువమందికి వస్తుంది. ఆ యాభై ఇళ్లలో ఆ రాత్రి జరిగే చర్చ ఎటువంటిదో ఉపసంఘం ఆలోచించిందా? వైద్యుడు లేని చోట ఫోనులో చేరిన అంకెను ఎవరు చదువుతారు? నాబోటి ఎం.ఏ.లు చదువుతారు, నేను చదివినట్లే తలక్రిందులుగా చదువుతారు.

ప్రతిపక్షంవారి వాదంలో బలం లేకపోలేదు. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం హైదరాబాదుతో సహా మన దేశంలోని ఎనిమిది నగరాలలో పెద్దవారిని పరీక్షించి, నూటికి సుమారు 11 మందికి థైరాయిడ్ మందగించి ఉన్నదని చెప్పింది. అది చిన్న సంఖ్య కాదు. కాని ఆ 11 మందిలో అధిక సంఖ్యాకులకు తమ జబ్బు సంగతి అప్పటికే తెలుసు. తెలియకుండా ఉన్నవారు నూటికి మూడున్నర. అదే అధ్యయనంలో నూటికి సుమారు 22 మందికి యాంటీ టిపిఓ కనిపించింది. అంటే ఆ ప్రతిరక్షకం ఉన్నవారిలో చాలామంది గ్రంథి ఇంకా చక్కగా పనిచేస్తూనే ఉన్నది. ప్రతిరక్షకం ఉండడం జబ్బు కాదు, రేపు రాగలదన్న సూచన. ఇంగ్లండులోని విక్‌హామ్ అనే చోట జనాన్ని 20 ఏళ్లపాటు గమనించి 1995లో లెక్క చెప్పారు. ప్రతిరక్షకాలు, పెరిగిన టిఎస్‌హెచ్ రెండూ ఉన్న స్త్రీలలో ఏడాదికి నూటికి నలుగురు చొప్పున పూర్తి జబ్బులోకి దిగారు. ప్రతిరక్షకాలు మాత్రమే ఉన్నవారిలో ఏడాదికి ఇద్దరు చొప్పున. అటువంటివారికి ఏడాదికొక టిఎస్‌హెచ్ పరీక్ష చాలును. ప్రతిరక్షకాలనే మాటిమాటికి కొలిపించడం వృథా ఖర్చు. ఆ అంకె 600 నుండి 400కు దిగితే సంబరపడనక్కరలేదు, 900కు ఎక్కితే దిగులుపడనక్కరలేదు.

కొంచెం పెరిగిన అంకెకల్లా మాత్ర ఇస్తే నష్టమేమిటని కొందరంటారు. 65 ఏళ్లు దాటి, టిఎస్‌హెచ్ స్వల్పంగా పెరిగిన ఏడు వందల మందికి పైగా ఐరోపా వాసులకు సగం మందికి నిజమైన మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన ప్రయోగం 2017లో వెలువడింది. అలసట విషయంలో ఇరుపక్షాలకు తేడా కనిపించలేదు. అది ముసలివారి సంగతి, మన పిల్లలకు నేరుగా వర్తించదు. అయినా అంకెకు మందు ఇవ్వడం వేరు, మనిషికి మందు ఇవ్వడం వేరని అది చూపింది. టిఎస్‌హెచ్ 10 దాటితే సాధారణంగా చికిత్స చేస్తారు. 4కు 10కి మధ్య ఉన్నవారికి మళ్లీ పరీక్ష, లక్షణాలు, వయసు, గర్భధారణ ఆలోచన, ప్రతిరక్షకాలు ఇవన్నీ చూసి వైద్యుడు నిర్ణయిస్తాడు. దానికి వైద్యుడు కావాలి, ఫోను చాలదు.

కాబట్టి నా ప్రతిపాదన వేరు. ఆ సొమ్ముతో ఏడాదికి రెండు మార్లు ఒక వైద్యురాలిని కళాశాలకు రప్పించుదాం. ఆమె ఒక గదిలో కూర్చొని పిల్లలతో విడివిడిగా మాట్లాడుతుంది. మెడ చూస్తుంది, నెలసరి గూర్చి, బరువు గూర్చి, తల్లి, మేనత్తల జబ్బుల గూర్చి అడుగుతుంది. అనుమానం ఉన్నవారికే టిఎస్‌హెచ్ చేయిద్దాం, ఫలితాన్ని మళ్లీ ఆమే చేతికిచ్చి చెప్పేటట్లు చూద్దాం. ఇక వైద్య ధ్రువపత్రం తెచ్చినా హాజరు మినహాయింపు ఇవ్వడానికి మూడు సంతకాల కోసం తిప్పే పద్ధతిని కమిటీవారు సరిదిద్దాలి. ఆ తల్లి నాలుగు మార్లు తిరిగారు. ఇందులో నా సంతకం కూడ ఒకటి ఆలస్యమైంది.

దీనికి సరిగా విరుద్ధమైన జబ్బు కూడ ఒకటి ఉన్నది. ప్రతిరక్షకమే టిఎస్‌హెచ్ వేషం వేసుకొని గ్రంథిని అదేపనిగా అదిలిస్తుంది. 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించిన వ్యాధి. బరువు తగ్గడం, చేతులు వణకడం, గుండె దడ, కొందరికి కళ్లు ముందుకు రావడం. టిఎస్‌హెచ్ దాదాపు సున్నాకు పడిపోతుంది. పరీక్షల భయమని మనం కొట్టివేసే వణుకులో ఒకటి రెండు ఇవి కావచ్చు. దానికి వాడే కార్బిమజోల్ మాత్రలు తీసుకునేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి, వెంటనే వైద్యుని కలిసి రక్తకణాల లెక్క చూపించుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త మరవరాదు.

మళ్లీ మాత్ర సంగతికి వస్తాను. థైరాక్సిన్ మాత్ర కొత్త మందు కాదు. దేహం చేయలేని పదార్థాన్నే బయటినుండి ఇవ్వడం. 1914లో కెండాల్ దానిని గ్రంథినుండి వేరుచేశాడు, 1927లో ప్రయోగశాలలో తయారు చేశారు. చవకైన మందు. కాని దానికొక నియమం ఉన్నది. పరగడుపున, మంచినీళ్లతో మింగి, అరగంట నుండి గంట వరకు టీ కాని, కాఫీ కాని, పాలు కాని ముట్టరాదు. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మన హాస్టలులో ఉదయం ఆరింటికే టీ గ్లాసులు వస్తాయి, మాత్ర, టీ ఒకే గుటకలో పోతాయి. తరువాత అంకె దిగలేదని మోతాదు పెంచుతారు.

రంజాన్ నెలలో మరొక చిక్కు. సహరీ ముగిసే నిమిషంలో రొట్టె, పాలు, మాత్ర అన్నీ కలిపి మింగేవారున్నారు. వేళ కుదరక నెల మొత్తం మానివేసేవారూ ఉన్నారు. రక్తంలో థైరాక్సిన్ వారానికి సగం చొప్పున తరిగిపోతుంది. నాలుగు వారాలు మానితే మిగిలేది పదహారో వంతు. ఈద్ నాటికి మనిషి మళ్లీ మూలన పడుతుంది. దీనికి తేలిక మార్గాలున్నాయి. సహరీకి అరగంట ముందు లేచి మాత్ర వేసుకోవచ్చు, లేదా రాత్రి చివరిసారి తిన్న మూడు గంటల తరువాత పడుకునే ముందు వేసుకోవచ్చు. ఏది తగినదో వైద్యుని అడిగి నెల ఆరంభానికి ముందే నిశ్చయించుకోవాలి. మోతాదు మార్చిన ప్రతిసారి ఆరు నుండి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించాలి. అంతకుముందు చేయిస్తే టిఎస్‌హెచ్ ఇంకా పాత మాటే చెబుతుంది.

పెళ్లి సంబంధాల విషయం చెప్పక తప్పదు. మా బంధువులలోనే ఒక సంబంధం ఈ మాత్ర డబ్బీ కంటబడి విరిగిపోయింది. ఇంకొకచోట విరిగిపోకూడదని డబ్బీని దాచారు. రెండవది మొదటిదానికంటె ప్రమాదమని నా అభిప్రాయం. గర్భం దాల్చగానే థైరాక్సిన్ అవసరం నూటికి పాతిక, ముప్పై వంతులు పెరుగుతుంది. గర్భస్థ శిశువు తన హార్మోను తాను తగినంత చేసుకొనేవరకు, అంటే సుమారు సగం నెలలు గడిచేవరకు, తల్లి హార్మోను మీదనే ఆధారపడుతుంది. ఆ శిశువు మెదడు పెరిగే కాలం అదే. అత్తవారింట దాచుకొని మింగే కోడలు సరిగా ఆ నెలలలోనే మాత్ర మానుకోవలసి వస్తుంది. మాత్ర క్రమంగా తీసుకొనే స్త్రీకి కాపురానికి, సంతానానికి ఆటంకమేదీ లేదు. ఈ ఒక్క వాక్యాన్ని మన ఉర్దూ విభాగంవారు తమ పుటలలో కూడ అచ్చు వేయవలసినదిగా కోరుతున్నాను.

ఆ విద్యార్థిని ఇప్పుడు చివరి సంవత్సరం చదువుతున్నది. రోజుకు 100 మైక్రోగ్రాముల మాత్ర. నిరుటి కాగితంలో టిఎస్‌హెచ్ 2.6. గొంతు తేటపడింది, ఈ మధ్య వక్తృత్వపు పోటీలో దానిని నేను చివరి వరుసలో కూర్చొని విన్నాను. ఈ వ్యాసం అచ్చుకు పంపే ముందు ఆమెకు, వాళ్ల అమ్మగారికి చూపించి అనుమతి అడిగాను. తల్లి సరేనన్నారు. కూతురు ఎర్ర కలం అడిగి తీసుకొని, తన రూపం గూర్చి నేను వ్రాసిన రెండు వాక్యాలు కొట్టివేసింది. తరువాత "తరగతి నవ్వింది" అన్నచోట ఆగి, దాని ప్రక్కన ఒక గీత గీసి, "ఇది ఉండనివ్వండి సార్" అన్నది.